రెండో డిస్కు

“డిస్కా? మీరు ఏ కాలంలో ఉన్నారు సార్?” అన్నాడు సెల్‌ఫోన్ల కొట్టువాడు, పక్కనున్న బేరానికి కూడా వినపడేలా. “సినిమా కావాలంటే ఫోన్లో నొక్కండి, వస్తుంది.”

“నొక్కితే వచ్చేది నాకక్కర్లేదు,” అన్నాడు జలగ. “నొక్కినా రానిది కావాలి.”

కొట్టువాడికి అర్థం కాలేదు. అవుతుందని జలగ ఆశపడనూ లేదు. దేవుడిచ్చిన బుర్రని నూటికి తొంభైమంది దిండు మీద పెట్టుకోవడానికే వాడతారని ఆయన నమ్మకం. మిగతా పదిమందినీ ఇంకా చూడలేదు.

జలగ అన్నది ఆ ప్రైవేటు డిటెక్టివుకి పోలీసులు పెట్టిన పేరు. పట్టుకుంటే కడుపు నిండేదాకా ఊడిరాడని వెనకాల చెప్పుకునేవాళ్ళు. ఆ మాట ఆయన చెవిన పడింది, నచ్చింది. అప్పట్నుంచి తనే ఆ పేరు చెప్పుకుంటున్నాడు.

పొద్దుట్నుంచీ ఇదే తిరుగుడు. ఒకప్పుడు డిస్కులు అద్దెకిచ్చిన కొట్లో ఇప్పుడు కుక్కలకి క్షవరం చేస్తున్నారు. లైబ్రరీవాళ్ళు తమ డిస్కుల్ని తూకానికి అమ్మేశారు. ఇంకో పెద్దమనిషి ఉన్నవన్నీ దారానికి గుచ్చి, పావురాలు వాలకుండా బాల్కనీలో వేలాడదీశాడు. “పారేయకుండా పనికి తెచ్చాను చూడండి,” అని మురిసిపోయాడు కూడా. జలగ ఆ పావురాల వైపు జాలిగా చూసి బయటపడ్డాడు.

చివరికి దొరికింది ప్రైవేటు బస్సుల షెడ్డులో. రాత్రి సర్వీసుల్లో సినిమాలు వేసే రోజుల నాటి డ్రైవరు ఒకాయన, సీటు కింద రేకుపెట్టె లాగి, దుమ్ము ఊది, ఒక అట్ట తీసి చేతిలో పెట్టాడు.

“ఒక్క గీత కూడా పడలేదు సార్. ఇది వేస్తే బస్సు దిగిపోతామనేవాళ్ళు ప్యాసింజర్లు. అంత దరిద్రం!”

అట్టలో రెండు డిస్కులున్నాయి. మొదటిదాన్లో సినిమా. రెండోదాన్లో ఆ సినిమా ఎలా తీశారో చూపించే ముక్కలు. జలగ ఆగి ఉన్న బస్సులోనే కూర్చుని మొదటిది పూర్తిగా చూశాడు. హీరో డైలాగు చెప్పినప్పుడల్లా ఆయనకి పంటినొప్పి వచ్చినట్టయింది. చివర్లో హీరో నడిపే కారు వంతెన గోడ బద్దలుకొట్టుకుని కింద నీళ్ళలో పడింది. హీరో చచ్చాడు. జలగ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“రెండోది కూడా పెట్టమంటారా?” అన్నాడు డ్రైవరు.

“తిన్నది చాలక, ఎలా వండారో కూడా చూడాలా?” అని డిస్కులు సంచిలో వేసుకుని లేచాడు జలగ.

ఇంత తిప్పలు ఎందుకంటే, ఆ సినిమా ఆడుతుండగానే ఒక మనిషి చచ్చిపోయాడు.

పోయినాయన సినిమా విమర్శకుడు. ఆయన్ని అందరూ గొడ్డలి అనేవారు. ఆయన కలం కింద పడి బతికి బట్టకట్టిన సినిమా లేదు. రిటైరయ్యాక ఇంటి నిండా డిస్కులు పేర్చుకుని ఒక్కడే ఉండేవాడు. మూడు రోజుల కిందట ఆ డిస్కుల గదిలోనే, పడిపోయిన స్టూలు పక్కన, తల పగిలి కనిపించాడు. టీవీలో ఈ సినిమా ఆఖర్న ఆగిపోయి ఉంది. పై అరలో డిస్కు కోసం స్టూలెక్కి జారిపడ్డాడని పోలీసులు తేల్చేసి, గదికి సీలు వేశారు. ఆయన కూతురు, పళ్ళ డాక్టరు, నమ్మలేదు. జలగని పిలిచింది.

ఆ రోజు ఆయన్ని ప్రాణంతో చివరగా చూసింది మేనల్లుడు. ఇద్దరం కలిసి ఆ సినిమా చూశాం, అయ్యాక నేను ఇంటికెళ్ళిపోయాను అని వాడు పోలీసులకి చెప్పాడు.

మేనల్లుడు టీవీల షోరూముకి మేనేజరు. గోడ పొడుగునా టీవీలు, అన్నిట్లోనూ ఒకే జలపాతం. ఇంత నీళ్ళున్నా వాడి మొహం మాత్రం ఎండిపోయి ఉంది. జలగ అడక్కుండానే సోఫాలో కూలబడ్డాడు.

“మీ మావయ్యకీ మీకూ బాగా చనువా?”

“నేనంటే ప్రాణం సార్ ఆయనకి.”

“సినిమా ఎలా ఉంది?”

“బ్రహ్మాండం సార్!” వాడికి ధైర్యం వచ్చింది. “ముఖ్యంగా ఆఖరు సీను. కారు వంతెన అంచున ఆగిపోతుంది చూడండి. హీరోయిన్ పరిగెత్తుకొచ్చి వాటేసుకుంటుంది. మావయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.”

“గొడ్డలి ఏడ్చాడా?”

“వెక్కి వెక్కి సార్.”

జలగ జేబులోంచి పాత పత్రిక ముక్క జిరాక్సు తీసి చదివాడు. “‘ఈ సినిమాలో హీరో చనిపోవడం ఒక్కటే ప్రేక్షకుడికి దక్కిన న్యాయం.’ ఇది మీ మావయ్య రాసింది, సినిమా విడుదలైన వారంలో.”

మేనల్లుడి నోరు తెరుచుకుంది.

“హీరో బతికేది ఆన్‌లైన్లో,” అన్నాడు జలగ. “నొక్కితే వచ్చేదాన్లో. కారు పడే షాటు ఎవరో కోసేసి, కౌగిలింత అతికించారు. డిస్కులో కారు పడుతుంది, వాడు చస్తాడు. మీ మావయ్య టీవీలో ఆడింది డిస్కు. నువ్వు చూసింది ఫోను. మనిషి తల పగిలి చస్తే, నువ్వు ఇంటికెళ్ళి మంచం మీద పడుకుని సాక్ష్యం బట్టీపట్టావు. అదైనా సరిగ్గా పట్టలేదు.”

మేనల్లుడు చుట్టూ చూశాడు. సేల్సు పిల్లలు దూరంగా ఉన్నారు. గొంతు తగ్గించాడు.

“నన్ను గెంటేశాడు సార్. ఈ ప్లాస్టిక్కంతా పారేయ్ మావయ్యా, డిస్కౌంట్లో పెద్ద టీవీ తెచ్చిపెడతానన్నాను. చెప్పు తీశాడు. ఇంట్లో పది నిమిషాలు కూడా లేను. నేనొచ్చేసరికి ఆయన ఎవరికోసమో ఎదురుచూస్తున్నాడు. ‘పనిమీద మనుషులొస్తున్నారు, పోరా’ అన్నాడు.”

“ఎవరు?”

“చెప్పలేదు. ఒట్టు సార్.”

“మరి ఏ సినిమా ఆడిందో నీకెలా తెలిసింది?”

“ఇన్‌స్పెక్టరుగారే అన్నారు. ‘టీవీలో ఫలానా సినిమా ఆగిపోయి ఉంది, ఇద్దరూ కలిసి చూశారా?’ అని. గొడవపడ్డానంటే నా పీకకి చుట్టుకుంటుందని... చూశామనేశాను.”

జలగకి నవ్వాగలేదు. ప్రశ్నలోనే జవాబు పెట్టి చేతికిచ్చే పోలీసుని ఈ భూప్రపంచంలో ఆయన ఒక్కణ్ణే ఎరుగును. వాడు స్వయానా తన బావమరిది.

“నీకూ వాడికీ భలే జోడీ కుదిరింది,” అని లేచాడు. “వాడికి అడగడం రాదు, నీకు చెప్పడం రాదు.”

గొడ్డలి ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. గేటు ముందు జీపు ఆగి ఉంది. లోపల డిస్కుల గది సీలు అప్పుడే తీశారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. డాక్టరమ్మ ఆసుపత్రి కోటుతోనే వచ్చి హాల్లో నిలబడి ఉంది.

గది మధ్యలో ఇన్‌స్పెక్టరు. జలగ భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోతే చిన్నప్పట్నుంచీ అక్కే పెంచింది. అక్క పెళ్ళయ్యాక ఆ ఇంట్లోనే తిని, చదివి, పోలీసయ్యాడు. ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో జలగకి ఈనాటికీ అంతుబట్టదు.

“రా బావా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానిస్టేబుళ్ళు వినడం చూసి వెంటనే సర్దుకున్నాడు. “రండి సార్. చూసుకోండి. సాయంత్రం ఫైలు మూసేస్తున్నాను.”

“తెరిచావా ఎప్పుడైనా?”

జలగ గదంతా కలియజూశాడు. మూడు గోడలకీ నేల నుంచి కప్పుదాకా అరలు. ఒక్కో డిస్కు అట్ట వెన్ను మీద చిన్న కాగితం అతికించి, ఎర్ర సిరాతో ఒక్క మాట రాసి ఉంది. ‘చెత్త’. ‘నిద్ర’. ‘దండగ’. అక్షరాల వరసలో కాదు, తిట్ల వరసలో పేర్చుకున్నాడు పెద్దాయన. కప్పుకి ఆనుకుని ఉన్న పై అరల నిండా ‘చెత్త’. నడుం ఎత్తున ‘దండగ’. కుర్చీ పక్కన, చెయ్యి చాపితే అందేలా, గుప్పెడు డిస్కులు మాత్రం ఉన్నాయి. వాటి మీద ‘పరవాలేదు’ అని ఉంది. ఈ ముసలాయన్ని బతికుండగా ఎందుకు కలవలేదా అని జలగకి మొదటిసారి బాధ కలిగింది.

“స్టూలు ఎక్కడ పడి ఉంది?”

“ఇదిగో, ఈ మూల. పై అర అందుకోబోయి జారాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“పై అరలో ఏమున్నాయి?”

“డిస్కులు.”

“శభాష్. రాసుకోవయ్యా కానిస్టేబులూ, మీ సారు కనిపెట్టాడు.” జలగ అదే స్టూలు నిలబెట్టి ఎక్కాడు. “ఇవన్నీ చెత్త. ఇంకోసారి చూడకూడదనే చెయ్యందని చోట పెట్టుకున్నాడు. ఇక్కడ దుమ్ము చూడు, దుప్పటి కప్పినట్టుంది. ఒక్క వేలు పడిన గుర్తు లేదు. స్టూలెక్కి పడిపోయిన మనిషి అర పట్టుకోకుండానే పడతాడా? ఆయన చూస్తున్న సినిమా ఇక్కడిది కాదు, దండగలది. అదిగో, నడుం ఎత్తున ఒక అట్ట తిరగేసి ఉంది, అదే. దానికి స్టూలు అక్కర్లేదు, నడుం వంచక్కర్లేదు. స్టూలు తెచ్చి పడేసింది చంపినవాడు.”

కానిస్టేబుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్‌స్పెక్టరు చెవి నలుపుకున్నాడు.

“దుమ్ముని కోర్టులో నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తావా?”

“నీకంటే నయంగానే చెబుతుంది.”

దిగి, దండగల అరలోంచి ఆ అట్ట లాగాడు. ఆ సినిమాదే. మిగతావన్నీ వెన్ను బయటికి పెట్టి ఉంటే, ఇదొక్కటి తిరగేసి దూర్చి ఉంది. జలగ తెరిచాడు. మొదటి డిస్కు చోటు ఖాళీ. అది ప్లేయర్లోనే ఉంది. రెండో డిస్కు చోటు కూడా ఖాళీ.

“రెండోది ఏది?”

అంతా వెతికారు. ప్లేయర్లో లేదు, బల్ల మీద లేదు, కుర్చీ కింద లేదు.

హాల్లోంచి డాక్టరమ్మ ముందుకొచ్చింది. “సార్, మీకు చెప్పాలనే చూస్తున్నాను. నిన్న ఒకావిడ ఫోన్ చేసింది. నాన్న పోయిన సంగతి ఆవిడకి తెలీదు. వాళ్ళ నాన్న ఈ సినిమాలో హీరోకి డూపుట. ఆ కారు షాటు తీసిన రోజే పోయాడుట. అప్పటికి ఆవిడ నెలల పిల్ల. తండ్రి కదిలితే ఎలా ఉంటాడో, మాట్లాడితే ఎలా ఉంటుందో ఆవిడకి తెలీదు. ఆన్‌లైన్లో వెతికితే ఆ షాటే లేదు. అందుకని మీ దగ్గర డిస్కుందా అని నాన్నని అడిగిందిట.”

“మీ నాన్నగారేమన్నారు?”

“ముందు తిట్టారుట, ఇలాంటి సినిమా కోసం చచ్చినవాడి కూతురివా అని. తర్వాత వెతికిపెడతానన్నారుట. రెండ్రోజులకి ఆయనే ఫోన్ చేసి, ‘రెండో డిస్కులో మీ నాన్న ఉన్నాడమ్మా. మాట్లాడుతున్నాడు కూడా. కానీ నీకంటే ముందు ఇది పోలీసులు చూడాలి, వాళ్ళకి ఫోన్ చేస్తున్నాను’ అన్నారుట.”

జలగ బావమరిది వైపు తిరిగాడు. “వచ్చిందా ఫోను?”

“మా స్టేషనుకి ఏ ఫోనూ రాలేదు.”

“వచ్చినా ఎవడెత్తాడు? మోగితే చిరాకని రిసీవరు తీసి పక్కన పెట్టుకునుంటారు. ఒక ముసలాయన పిలిచి సాక్ష్యం ఇస్తానంటే అందుకోలేకపోయారు. ఈలోగా ఇంకెవడో వచ్చి ప్రాణమూ డిస్కూ రెండూ పట్టుకుపోయాడు.” జలగ సంచిలోంచి బస్సు డ్రైవరు ఇచ్చిన అట్ట తీసి బావమరిది మొహం ముందు ఆడించాడు. “వాడి దురదృష్టం ఏంటంటే, లోకంలో ఇంకో సెట్టు మిగిలింది. అది నాలాంటివాడికి దొరికింది.”

ఇన్‌స్పెక్టరు ఆ అట్టని చూశాడు. చాలాసేపు చూశాడు.

“రెండోది అందులో ఉందా?”

“నీకన్నా భద్రంగా ఉంది.”

“చూశావా?”

“ఇంకా లేదు.”

“ఇటివ్వు బావా. ఎవిడెన్సు అది. నేను రాసుకుని తీసుకెళ్ళాలి.” ఈసారి ‘బావా’ అన్నది కానిస్టేబుళ్ళు విన్నా సర్దుకోలేదు.

“నీకా? కోతికి కొబ్బరిచిప్ప ఇచ్చినా అది వాసన చూస్తుంది. నువ్వు దాని మీద కాఫీ గ్లాసు పెడతావు.”

ఒక కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఇన్‌స్పెక్టరు మొహంలోకి కోపం రాలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వచ్చింది లేదు. పండగ పూట భోజనం దగ్గర తిట్టినా, పదిమందిలో తిట్టినా చెవి నలుపుకుని ఊరుకునేవాడు. ‘వాడికి రోషం కూడా లేదే’ అని భార్యతో చాలాసార్లు అన్నాడు జలగ.

“సరే. చూడు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా. “నాకేం తొందర లేదు.”

కానిస్టేబుళ్ళని తీసుకుని బయటికెళ్ళాడు. కాసేపటికి జీపు స్టార్టయిన చప్పుడు, వీధి మలుపు తిరిగిన చప్పుడు వినపడ్డాయి.

“పీడా పోయింది,” అని జలగ గొడ్డలి కుర్చీలో కూర్చుని ప్లేయర్లో రెండో డిస్కు పెట్టాడు. డాక్టరమ్మ వెనక నిలబడింది.

మొదట్లో అంతా సొంత డబ్బా. దర్శకుడు, హీరో ఒకరినొకరు పొగుడుకున్నారు. జలగ ముందుకి తిప్పాడు. వంతెన వచ్చింది. ఎవరో కెమెరా చేత్తో పట్టుకుని, కోతా అతుకూ లేకుండా తీసినట్టుంది. డిస్కులు చేసిన కంపెనీవాడు చూసుకోకుండా ఎక్కించేశాడు.

పట్టపగలు. ఎండ మండిపోతోంది. వంతెన మీద యూనిట్ అంతా ఉంది. పాత వార్తల్లో జలగ చదివింది వేరు. షూటింగు అయిపోయి అందరూ వెళ్ళిపోయాక, సాయంత్రం చీకట్లో, డూపు ఒక్కడే తాగి కారు తీసుకెళ్ళి పడిపోయాడని పోలీసు రిపోర్టు. 

తెర మీద కారు పక్కన ఒక కుర్రాడు నిలబడ్డాడు. బక్కపలచగా, హీరో చొక్కాలో.

“బెల్టు ఊడొస్తోంది సార్,” అన్నాడు ఆ కుర్రాడు. తాగిన గొంతు కాదది. “తాళ్ళు కట్టేదాకా ఆగుదాం. ఒక్క గంట. ఇంట్లో చిన్నపిల్ల ఉంది సార్.”

“గంటాగితే ఆ ఖర్చు నీ బాబు ఇస్తాడా?” అన్నాడు ఎదురుగా కుర్చీలో ఉన్న నిర్మాత. ఇప్పుడు ఆన్‌లైన్లో ఆ సినిమాని అమ్ముకుంటున్నది ఆయన కంపెనీయే. “పడితే పడతావు, లేకపోతే పో. ఇంకోణ్ణి పిలుస్తా.”

కుర్రాడు కారెక్కాడు.

కారు వెళ్ళింది. గోడ బద్దలైంది. కిందనుంచి నీళ్ళ చప్పుడు వచ్చింది. అప్పుడు ఎవరో అరిచారు. జనం గోడ వైపు పరిగెత్తారు. కెమెరా పట్టుకున్నవాడు తడబడి పక్కకి తిరిగాడు. నిర్మాత కుర్చీ మళ్ళీ కనపడింది.

ఆ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ ఉంది. అందులో ఒక యువ ఎస్సై. కొత్త యూనిఫారం, సన్న మీసం. నిర్మాత వంగి అతని చెవిలో ఏదో చెప్పాడు. ఎస్సై నీళ్ళ వైపు చూశాడు, నిర్మాత వైపు చూశాడు. బొటనవేలితో చెవి నలుపుకున్నాడు. తలూపాడు.

జలగ రిమోటు నొక్కి బొమ్మని అక్కడే ఆపాడు. ఆ యూనిఫారానికి మొదటిరోజు ఇస్త్రీ పెట్టింది తన భార్య. ఆ కుర్రాడికి అన్నం పెట్టిన కంచం తన ఇంట్లోది. ఇరవై ఏళ్ళుగా వాణ్ణి దద్దమ్మ అన్నాడు, గాడిద అన్నాడు. అన్నీ అన్నాడు గానీ, ఒక్కసారి కూడా అనుమానించలేదు. అనుమానించాలంటే ముందు వాడికి బుర్రుందని ఒప్పుకోవాలి మరి.

గొడ్డలి చేసిన ఫోను స్టేషనుకి రాలేదని వాడన్నది నిజమే కావచ్చు. వాడికే వచ్చింది.

“సార్,” అంది డాక్టరమ్మ. “ఆ కుర్చీలో ఉన్నది... ఇందాక ఇక్కడ...”

“అమ్మా, వంటింటి వైపు తలుపుందా?”

“ఉంది, కానీ...”

“వెళ్ళు. మాట్లాడకు. వెళ్ళు.”

ఆవిడ కదలలేదు. ఆయన భుజం మీదుగా గుమ్మం వైపు చూస్తోంది. జలగ తిరిగాడు.

ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బూట్లు లేవు, ఉత్త మేజోళ్ళు. అందుకే అడుగుల చప్పుడు రాలేదు. జీపుని కానిస్టేబుళ్ళకిచ్చి పంపేశాడన్నమాట. తెర మీద తన పాత మొహాన్ని కాసేపు చూశాడు, ఎవరి పెళ్ళి వీడియోనో చూసినట్టు.

“అన్ని కొట్లూ నేనే తిరిగాను బావా, ఏళ్ళ తరబడి. దొరికింది దొరికినట్టు కొన్నాను. బస్సుల సంగతి తట్టలేదు,” అన్నాడు. “నువ్వన్నది నిజమే. నాకంత బుర్ర లేదు.”

లోపలికి వచ్చాడు. వెనక్కి చెయ్యి పెట్టి తలుపు మూశాడు.

“కూర్చో. తొందరేం లేదన్నానుగా. అక్కకి ఏం చెప్పాలో ముందు అది తేలాలి.”

తలుపు గడియ పడింది.